ఇంటిలో దొరకిన వింత పెంకుపురుగు: విత్తనపు కాయలకు వచ్చిన ముప్పు



మన యిండ్లలో పురుగు కంటబడుట వింత గాదు. బియ్యపుడబ్బా మూత తీసినచో ముక్కుపురుగు, పిండి జల్లించినచో ఎఱ్ఱపురుగు, వానకాలమున దీపము వెలిగించినచో పదివిధముల రెక్కలపురుగులు మనకు నిత్యపరిచితములే. గృహిణులు చేటతో చెఱిగియు, ఎండలో పోసియు తమపని తాము చేసికొనుచునే యున్నారు. అందువలన ఎన్నడును చూడని పురుగొకటి కనబడినను "ఏదో పురుగులే" యని కాలితో నలిపి మఱచిపోవుట మనకు అలవాటైనది. అట్లు మఱచిపోక ఒక పురుగును అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చి చూపిన యొక రైతుకుటుంబపు స్త్రీ విషయమును, ఆమెకు నేను చెప్పిన తప్పు సమాధానమును, దానివలన కలిగిన నష్టమును ఈ నెల మీకు విన్నవింపదలచినాను. పొరపాటు నాది. కాని దానినుండి నేర్వదగిన పాఠము వేరుసెనగ పండించు ప్రతి యింటికిని ఉపయోగపడునని దాచక వ్రాయుచున్నాను.

అగ్గిపెట్టెలోని పురుగు

అనంతపురము జిల్లాలోని మెట్టగ్రామములలో వేరుసెనగయే ప్రధానమైన పైరు. అట్టి గ్రామ మొకదానిలో నాలుగెకరముల భూమిగల వృద్ధురాలు మన సంఘసభ్యురాలు. భర్త గతించిన పిదప కుమారునితో కలిసి సేద్యము చేయించుచున్నది. కార్తికమాసమున పంట నూర్చినప్పుడు ఆమె మంచికాయలను ఏరి తొమ్మిది సంచులు విత్తనమునకై వేఱుగా అటకమీద పెట్టించినది. సంచికి సుమారు 40 కిలోల కాయలు. ఎకరమునకు 60 కిలోల గింజలు చొప్పున వేసికొన్నచో ఆ తొమ్మిది సంచులును ఆమె నాలుగెకరములకు సరిగా సరిపోవును. తొలకరినాటికి విత్తనములధర ఎట్లు పెరుగునో మీ రెఱుగనిది కాదు. ఇంటివిత్తన మున్న రైతునకు సగము దిగులు తీరినట్లే.

ఫాల్గుణమాసమున నేనా గ్రామమునకు పోయినప్పుడు ఆమె అగ్గిపెట్టె తెచ్చి నా చేతికిచ్చినది.

"నాయనా, ఇది మా యింట్లో గోడమీద దొరికింది. వారం దినాలుగా చూస్తా ఉండా. పగలు కనపడదు. పొద్దు గూకినాక ఎగురుతుంది. ఏం పురుగో చూడు," అన్నది.

పెట్టె తెఱచి చూచితిని. గోధుమరంగు పెంకుపురుగు. నేను వెంటనే, "పెద్దమ్మా, ఇది చింతపిక్కపురుగు. మీ యింట క్రొత్త చింతకాయలు వచ్చినవా?" అని అడిగితిని. రెండు బుట్టల చింతకాయలు కొట్టకుండ అటకమీద నున్నవని ఆమె చెప్పినది. "అయిన భయము లేదు. చింతపండు కొట్టి పిక్కలు పాఱవేయుడు. పురుగు పోవును," అంటిని.

ఆమె ఒక నిమిష మాలోచించి, "చెనిక్కాయలు గూడా ఆడనే ఉండాయి. వాటికేం గాదా?" అని అడిగినది.

"కాదు. అది చింతపిక్కను తిను పురుగు," అని చెప్పి నేను మఱియొక పనిమీద వెడలిపోయితిని.

సోదరులారా, నేను పురుగునకు పెట్టిన పేరు సరియైనదే. చెప్పిన మాట మాత్రము తప్పు. ఆమె అడిగిన ప్రశ్నయే అసలు ప్రశ్న. ఆ పురుగు చింతపిక్కను తినును. వేరుసెనగగింజను కూడ తినును.

చైత్రమాసపు చివర ఆమె మరల వచ్చినది. ఈసారి చెఱగున నాలుగు గుప్పెళ్ల వేరుసెనగకాయలు తెచ్చి నా యెదుట పోసినది. కొన్నికాయలమీద పలుచని తెల్లకాగితపు తునుకవంటి గూళ్లు అంటుకొని యున్నవి. కొన్నింటికి అగ్గిపుల్ల చొచ్చునంతటి గుండ్రని రంధ్రములున్నవి. ఒకకాయ పగులగొట్టి చూడగా లోపల గింజ లేదు. పొడియు, మట్టుమాత్రమే యుండెను. ఆమె నన్నొక్క మాటయు అనలేదు. "ఏర్వాకకి రెండు నెలలే ఉంది నాయనా," అని మాత్రమే అన్నది. ఆ క్షణమే నేనామెతో కూడ వారి యింటికి పోయితిని.

దీనిని గుర్తించు విధము

ఈ పురుగును శాస్త్రజ్ఞులు కార్యెడాన్ సెర్రాటస్ అని పిలుతురు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒలివియే 1790లో దీనిని మొదట వర్ణించెను. కంది, పెసలు, అలసందలను తొలుచు పుచ్చుపురుగులకు ఇది జ్ఞాతి. కాని వానికంటె పెద్దది. ఇంటిలో దొరకిన పురుగు ఇదియా కాదా యని తెలిసికొనుటకు ఐదు గుర్తులు చూడవలయును. భూతద్ద మున్న మంచిది. లేకున్నను ఎండలో నిలిచి ఓపికతో చూచిన చాలును.

మొదటిది, పొడవు. ఇది 5 మొదలు 7 మిల్లీమీటర్ల వఱకు ఉండును. ముక్కుపురుగు, పిండిపురుగు, వడ్ల చిల్లుపురుగు మున్నగునవి 3 లేక 4 మిల్లీమీటర్లను మించవు. ఒక బియ్యపుగింజ ప్రక్కన పురుగును పెట్టి చూచిన భేదము తెలియును.

రెండవది, రంగు. ఎఱుపు కలిసిన గోధుమవన్నె. రెక్కపెంకులమీద నల్లని చిన్న మచ్చలు వరుస లేక చల్లినట్లుండును. సన్నని చాళ్లు తలనుండి తోకవైపునకు సాగియుండును.

మూడవది, తల. దీనికి ముక్కుపురుగునకువలె తొండము లేదు. కన్నులు పెద్దవి. ఉబికి బయటికి వచ్చినట్లుండును. మీసములు ఱంపపుపండ్లవలె కొంచెము కోసుకోసుగా నుండును.

నాలుగవది, వెనుకకాళ్లు. ఇదియే ముఖ్యమైన గుర్తు. వెనుకతొడలు మిడుత తొడలవలె మిక్కిలి లావుగా, వెడల్పుగా నుండును. వాని అడుగుప్రక్క దువ్వెన పండ్లవలె ముండ్ల వరుస యుండును. అందు మొదటిముల్లు పెద్దది, తక్కినవి చిన్నవి. ఇంటిలో సాధారణముగా దొరకు ధాన్యపుపురుగులలో ఇంత లావైన తొడలు గలది మఱియొకటి లేదు.

ఐదవది, తోక. రెక్కపెంకులు శరీరమును పూర్తిగా కప్పవు. వెనుక కొనభాగము కొంచెము బయటికి కనబడుచుండును.

ఇతర పురుగులతో పోల్చి చూచుకొనుట కూడ అవసరము. బియ్యమునందు, జొన్నలయందు తొండముతో కనబడునది ముక్కుపురుగు. ఎఱ్ఱగా, సన్నగా, బల్లపరుపుగా మెఱయునది పిండిపురుగు. అది పగిలిన వేరుసెనగగింజలను తినునుగాని చెక్కుచెదరని కాయను తొలువలేదు. గొట్టమువలె గుండ్రముగా నుండి తల క్రిందికి వంచుకొన్నది వడ్ల చిల్లుపురుగు. పప్పుగింజలకు తెల్లని గ్రుడ్లంటించి, గుండ్రని చిల్లులు చేయునది పప్పు పుచ్చుపురుగు. పేడదిబ్బలనుండి దీపమునకు వచ్చు బొటనవ్రేలంత నల్లని కొమ్ముపురుగు కొబ్బరిచెట్లకు శత్రువు, ధాన్యమున కేమియు చేయదు. వానకాలపు రాత్రులందు దీపమువద్దకు చీమవలె సన్నగా, నారింజవన్నెయు నల్లనివన్నెయు పట్టెలుగా వచ్చు చిన్నపురుగును మాత్రము చేతితో నలుపరాదు. అది కఱవదుగాని నలిగినప్పుడు దాని రసము తగిలిన చర్మము బొబ్బలెక్కును. నోటితో ఊది పంపివేసి, తగిలిన చోటును సబ్బుతో కడుగవలయును.

దాని జీవితము

పురుగును గుర్తించుటతో పని తీరలేదు. అది ఎట్లు బ్రదుకునో తెలిసినగాని ఎక్కడ అడ్డవలెనో తెలియదు.

ఆడుపురుగు కాయ పైపెంకుమీద గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు తెల్లని చిన్న చుక్కవలె నుండి పెంకునకు జిగురుతో అంటుకొనును. గ్రుడ్డులోనుండి పిల్లపురుగు బయట తిరుగక, అంటుకొన్నచోటనే క్రిందికి పెంకును తొలిచి లోపలి గింజలోనికి పోవును. ఈ సమయమున కాయ పైకి మంచికాయవలెనే కనబడును. సంచినెత్తి చూచినను, పైకాయలను చేతితో కదపి చూచినను రైతునకు ఏ లోపమును కనబడదు. నేను ఫాల్గుణమాసమున ఆ యటక ఎక్కి చూచియున్నను చూపునకు సంచులు బాగుగానే తోచియుండును. గ్రుడ్లకై భూతద్దముతో వెదకియున్న మాత్రము ఆనాడే తెలిసియుండును.

పిల్లపురుగు గింజను తిని ఎదిగినపిమ్మట కొన్ని కాయలోననే గూడు కట్టుకొనును. పెక్కులు గుండ్రని రంధ్రము చేసికొని బయటికి వచ్చి, కాయమీదగాని, సంచిగుడ్డమీదగాని, రాశి అడుగున నేలమీదగాని కాగితమువంటి తెల్లని గూడు అల్లుకొనును. ఆ గూటినుండి పెంకుపురుగు వెలువడును. మన వేసవివంటి వెచ్చదనమున, గాలిలో తేమ చాలినంత యున్నప్పుడు గ్రుడ్డునుండి పెంకుపురుగగుటకు సుమారు 40 దినములు పట్టును. చలియు, మిక్కిలి పొడియు ఉన్నచో ఇంకను ఆలస్యమగును.

ఈ లెక్కను మన పంచాంగముతో కలిపి చూడుడు. ఫాల్గుణమున చింతకాయలతో వచ్చిన పురుగులు వేరుసెనగకాయలమీద గ్రుడ్లు పెట్టినచో, చైత్రమాసపు చివరకు మొదటితరము బయలుదేరును. అదియే ఆ పెద్దమ్మ చెఱగులో తెచ్చినది. వానిని విడిచిపెట్టినచో అవి తిరిగి గ్రుడ్లు పెట్టును. రెండవతరము జ్యేష్ఠమాసమున, సరిగా విత్తనము ఒలుచు దినములకు సిద్ధమగును. మొదటితరమున పదులలో నున్న పురుగులు రెండవతరమునకు వందలగును. అందువలన చైత్రము చివర మేము చేసిన పనియే తుదకు విత్తనమును కాపాడినది. ఇంకొక నెల గడచియున్న తొమ్మిది సంచులలో ఎన్ని మిగిలియుండునో చెప్పలేను.

చింతకును వేరుసెనగకును పొత్తు

వేరుసెనగ దక్షిణ అమెరికానుండి వచ్చిన పైరు. ఈ పురుగు అక్కడిది గాదు. ఇది ఆసియా, ఆఫ్రికా దేశములలో చింత, కాంచనము, రేల మున్నగు చెట్లకాయలలో బ్రదుకుచుండినది. వేరుసెనగ ఈ దేశములకు వచ్చిన తరువాత దానికి క్రొత్త ఆహారము దొరకినది. పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ దేశమున ఇది వేరుసెనగకు పురుగుగా నున్న సంగతి 1916లోనే ప్రకటింపబడినది. మనదేశమునను వేరుసెనగ నిలువలలో ఇది నేడు తెలిసిన శత్రువు.

చింతచెట్టుమీద కాయలు పండి ఆరుచున్నప్పుడే పురుగు వానిమీద గ్రుడ్లు పెట్టును. చెట్టుదులిపి తెచ్చిన కాయలతో పురుగును ఇంటికి వచ్చును. మన పల్లెలలో పొలముగట్టున చింతచెట్టు నీడ చల్లగా నుండునని దానిక్రిందనే వేరుసెనగకుప్ప వేయుట కలదు. నీడయు, పనివారికి సుఖమును నిజమే. కాని పురుగునకు పుట్టినింటిముంగిట మనమే భోజనము వడ్డించినట్లగును. ఇంటిలోనను అంతే. ఎలుకలకు అందవని కాయలసంచులను, చింతకాయలబుట్టలను ఒకే అటకమీద పెట్టుదుము. ఇందు ఎవరి తప్పును లేదు. ఇండ్లలో చోటు చాలదు. కాని ఈ రెంటికిని నడుమ గోడ యుండవలెనని ఇకనైన తెలిసికొనవలయును.

విషపుబిళ్లల విషయము

మేము ఇల్లు చేరునప్పటికి ఆ యింటి కుమారుడు పట్టణమునుండి ఒక గొట్టము తెచ్చియుండెను. అందు ధాన్యపుగిడ్డంగులలో పురుగులను చంపు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలున్నవి. సంచులమధ్య నాలుగు బిళ్లలు వేసి అటక తలుపు మూసెదనని అతడు చెప్పెను. ఆ యటకక్రిందనే కోడలు పండుకొనును. దూలమునకు కట్టిన ఊయలలో రెండేండ్ల బిడ్డ నిద్రించుచుండెను.

సోదరులారా, ఈ భాగమును తప్పక చదువుడు; చదువురాని వారికి చదివి వినిపింపుడు. ఆ బిళ్ల గాలిలోని తేమ తగిలినంతనే ఫాస్ఫీన్ అను విషవాయువును వదలును. ఆ వాయువు కంటికి కనబడదు. గాలికంటె కొంచెము బరువైనది. పలకల సందులనుండి, గోడచీలికలనుండి క్రిందికిని ప్రక్కయింటికిని ప్రాకిపోవును. దానికి ప్రత్యేకమైన విరుగుడుమందు లేదు. అందువలననే మనదేశపు చట్టము ఈ బిళ్లలను ప్రభుత్వసంస్థలకును, అనుమతిపొందిన పురుగునివారణ సిబ్బందికిని మాత్రమే అమ్మవలెనని నిర్బంధించినది. అంగడివాడు ఇచ్చినంతమాత్రమున అది మనము ఇంటిలో వాడదగిన మందు కానేరదు. మనుష్యులు నిద్రించు ఇంటిలో ఈ బిళ్లను ఎన్నడును, ఒక్కటియైనను వేయరాదు.

ఆ యువకుడు మొదట ఒప్పుకొనలేదు. "అయ్యా, విత్తనం పోతే మాకు బతుకేది?" అని అడిగెను. అతని భయము న్యాయమైనదే. అప్పుడు అతని తల్లి ఊయలవైపు చేయి చూపి, "ఎవురికోసం రా ఈ విత్తనం?" అన్నది. అతడు మాఱుపలుకక గొట్టమును నా చేతికిచ్చెను. మూత విప్పని ఆ గొట్టమును ఆ రాత్రి ఇంటికి దూరముగా, తడి తగులని తాళముగల కొట్టులో ఉంచి, మఱునాడు గిడ్డంగిలో పొగవేయు పనికి అనుమతిగల సిబ్బందికి అప్పగించితిమి.

మేము చేసిన పని

మఱునాటి ఉదయమున ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురు తోడురాగా పని మొదలుపెట్టితిమి. ముందుగా తొమ్మిది సంచులను అటకనుండి దింపి, ఇంటికి దూరముగా కళ్లములో గట్టినేలమీద విప్పితిమి. చింతకాయలబుట్టలను వేఱొకవైపు తీసికొనిపోయి ఆ దినముననే కొట్టి, పండును వేఱుచేసి, పిక్కలను తగులబెట్టించితిమి.

పిమ్మట ప్రతి సంచినుండి పైన, నడుమ, అడుగున చేయిపెట్టి నూఱుకాయల చొప్పున తీసి లెక్కించితిమి. గూడున్న కాయ, రంధ్రమున్న కాయ, గ్రుడ్డు చుక్క యున్న కాయ వేఱువేఱుగా పెట్టితిమి. చింతబుట్టలకు ఆనియున్న రెండు సంచులలో నూటికి ముప్పదికిమించి చెడినవి. తక్కిన ఏడింటిలో దూరముకొలది నష్టము తగ్గుచు వచ్చినది. చివరిసంచిలో నూటికి ఒకటి మాత్రమే. పురుగు ఎక్కడనుండి వచ్చినదో ఈ లెక్కయే సాక్ష్యము చెప్పినది. అడుగుభాగమున గూళ్లు ఎక్కువ కనబడినవి. కావున పైకాయలను మాత్రమే చూచి సంచి మంచిదనుట ఎప్పుడును తగదు.

చెడిన రెండు సంచులను విత్తనమునుండి తీసివేసితిమి. తక్కిన ఏడింటిని చేటలలో పోసి ఒక్కొక్కకాయగా ఏరితిమి. ఈ పనికి మూడుదినములు పట్టినది. ఏరిన చెడుకాయలను, గూళ్లను, ఊడ్చిన చెత్తను, పాత గోనెసంచులను ఊరిబయట గుంటలో తగులబెట్టితిమి. గోనెనేతలో గూళ్లు దాగియుండునుగనుక పాతసంచిని దులిపి మరల వాడుట కంటె కాల్చుట మేలు. అటకమీది పలకల సందులను, గోడచీలికలను చీపురుతో గీకి ఊడ్చి, చీలికలను మట్టితో పూడ్చి, సున్నము కొట్టించితిమి.

ఏరిన కాయలలోను కంటికి చిక్కని గ్రుడ్లు, లోపల నున్న పిల్లపురుగులు కొన్ని మిగిలియుండును. వానికేమి చేయవలెను? ఇందుకు గాలిచొరని మూడుపొరల సంచులు ఉపయోగపడినవి. లోపల రెండు దళసరి ప్లాస్టిక్ సంచులు, వానిపైన ఒక నేసినసంచి యుండును. కాయలు నిండించి, గాలిని అదిమి వెడలించి, ఒక్కొక్క పొరను వేఱువేఱుగా మెలివేసి త్రాటితో బిగించి కట్టవలయును. లోపలి పురుగులు ఉన్న ప్రాణవాయువును వాడుకొని, అది తఱిగిపోగా తిండిమాని చచ్చును. మందు అవసరము లేదు. ఇందు రెండు నియమములు మఱువరాదు. సంచికి చిన్న చిల్లుకూడ ఉండరాదు. కాయలు బాగుగా ఎండినవై యుండవలయును. తడికాయలను గాలిచొరకుండ కట్టినచో బూజుపట్టి మొలకశక్తి నశించును. ఆ తొమ్మిదిసంచుల కాయలు కార్తికమాసముననే చక్కగా ఎండియుండెను. చెవిదగ్గఱ ఆడించిన గింజ గలగలలాడెను. గింజను రెండువ్రేళ్లతో గట్టిగా నలిపిన పైపొర ఊడివచ్చెను. విత్తనపు కాయలలో తేమ నూటికి 9 పాళ్లు మించరాదని విత్తనధ్రువీకరణ నియమము. సందేహమున్నచో తేమను కొలుచు యంత్రముతో చూపించుకొనవలయును.

ఏరి కట్టిన కాయలు ఆఱు సంచులైనవి. తొమ్మిదింటిలో మూడు పోయినవి.

మొలకపరీక్ష

జ్యేష్ఠమాసమున, ఒలుచుటకు ముందు, మరల పోయి ఒక్కొక్క సంచి విప్పి చూచితిమి. క్రొత్తగూళ్లు లేవు. చచ్చిన పురుగులు రెండు మూడు మాత్రము కనబడినవి. అయినను పురుగు చచ్చినంతమాత్రమున విత్తనము మొలచునని నమ్మరాదు. అన్ని సంచులనుండి కొద్దికొద్దిగా తీసి కలిపి, ఒలిచి, ఎంపికచేయక నూఱుగింజలు లెక్కపెట్టి, తడియిసుకలో వరుసగా నాటితిమి. ఇసుక తడిగా నుండవలెనుగాని నీరు నిలువరాదు. పదవదినమున చక్కని మొలకలను లెక్కింపగా 82 వచ్చినవి. వేరుసెనగవిత్తనమునకు నూటికి 70 కంటె తక్కువ మొలక యుండరాదని నియమము. ఆమె విత్తనము నిలిచినది.

ఆఱుసంచుల గింజలు రెండుమ్ముప్పాతిక ఎకరములకు వచ్చినవి. తక్కిన ఎకరమునకు పైగా భూమికి ఆమె బయటివిత్తనము కొనవలసివచ్చినది. ఆ ఖర్చునకు కారణము ఫాల్గుణమాసమున నేను నిలువబడి పలికిన ఒక్కమాట. ఆ సంగతి నేను ఆమెతో చెప్పి క్షమాపణ కోరితిని. "పురుగును తెచ్చినదాన్ని నేను, ఇంకోసారి గట్టిగా అడిగి ఉండాల్సింది," అని ఆమె తప్పును తనమీద వేసికొనబోయినది. అట్లు కాదు. అడుగుట ఆమె పని, ఆమె చేసినది. అటక ఎక్కి చూచుట నా పని, నేను చేయలేదు.

చెడినకాయలనేమి చేయవలెను?

చెడిన రెండు సంచులను గానుగకు పంపి నూనె తీయించవచ్చును, చెక్క పశువులకు పెట్టవచ్చును అని ఒకరు సలహా ఇచ్చిరి. ఇది కూడ పొరపాటు. పురుగు చేసిన రంధ్రమునుండి బూజు లోపలికి పోవును. అందు పసుపుపచ్చని ఆకుపచ్చవన్నెగల బూజొకటి అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండుదేశమున లక్షకుమించిన టర్కీకోళ్లు అకస్మాత్తుగా చచ్చిపోయినవి. కారణము వెదకగా వానికి పెట్టిన వేరుసెనగచెక్కలో ఈ బూజువిషమున్నదని తేలినది. ఇది కాలేయమును చెఱచును. వండినను, వేయించినను పూర్తిగా పోదు. పాడియావు తిన్నచో ఆ విషము మాఱిన రూపమున పాలలోనికిని వచ్చును. కావున పురుగుతొలిచిన, బూజుపట్టిన, ముడుతలుపడి రంగుమాఱిన గింజలను మనుష్యులుగాని, పశువులుగాని, కోళ్లుగాని తినరాదు. నష్టమును కొంత పూడ్చుకొనబోయి బిడ్డల పాలగిన్నెలో విషము పోసికొనుట ఎవరికిని ఇష్టము కాదుగదా.

సభ్యులు జ్ఞాపకముంచుకొనవలసినవి

1. వేరుసెనగకుప్పను చింతచెట్టుక్రింద వేయకుడు. ఎండబెట్టుటయు అచ్చట వలదు.

2. విత్తనపుకాయలున్న గదిలోను, అటకమీదను చింతకాయలను, చింతపిక్కలను ఉంచకుడు. చోటు లేనిచో చింతకాయలను తెచ్చినవెంటనే కొట్టి, పిక్కలు తీసి, కాల్చివేయుడు.

3. విత్తనమును ఒలువక కాయగానే నిలువచేయుడు. ఒలుచుట విత్తుటకు కొలదిదినములముందు మాత్రమే.

4. క్రొత్తసంచులు వాడుడు. సంచులను నేలకును గోడకును ఆనకుండ కఱ్ఱలమీద పేర్చుడు.

5. కార్తికమునుండి తొలకరివఱకు పదునైదు దినములకొకసారి ప్రతిసంచి అడుగునుండి చేరెడు కాయలు తీసి ఎండలో చూడుడు. తెల్లగూడు, గుండ్రరంధ్రము, తెల్లచుక్క, ఈ మూడింటిలో ఏది కనబడినను ఆ దినముననే సంచులను విప్పుడు.

6. సంచులమీద చల్లుమందు అవసరమని తోచిన వ్యవసాయాధికారిని అడిగి, ఆయన చెప్పినదానిని చెప్పిన కొలతను మాత్రమే వాడుడు. విషపుబిళ్లల జోలికి పోకుడు.

7. విత్తుటకు ముందు మొలకపరీక్ష చేయుడు. ఇసుకయు, నీరును, పదిదినముల ఓపికయు తప్ప దీనికి ఖర్చు లేదు.

పురుగును తెచ్చు విధము

ఇంటిలో ఎఱుగని పురుగు కనబడినప్పుడు నలుపక, కాగితముతో పట్టి అగ్గిపెట్టెలోగాని చిన్నసీసాలోగాని వేయుడు. జిగురుకాగితమునకు అంటించినచో కాళ్లును మీసములును తెగిపోయి గుర్తుపట్టుట కష్టమగును. రెండు మూడు దొరకినచో అన్నియు తెండు. చిన్నచీటిమీద మూడు సంగతులు వ్రాయుడు: ఏ దినమున దొరకినది, ఇంటిలో ఏచోట దొరకినది, ఆ చోటికి దగ్గఱ ఏయే వస్తువులు నిలువయున్నవి. ఈ మూడవసంగతి మిక్కిలి ముఖ్యమైనది. పురుగుపేరుకంటె అదియే ఎక్కువ చెప్పును. ఆ పెద్దమ్మ నోటితో చెప్పిన ఆ మూడవసంగతినే నేను వినియు వినకపోతిని.

మా చిన్ననాటి బడిలో ప్రకృతిపాఠము చెప్పిన ఉపాధ్యాయుడు, పేరు చెప్పినవానికి సగము మార్కులును, అది ఏమి తినునో ఎక్కడ నుండునో చెప్పినవానికి తక్కిన సగమును ఇచ్చుచుండెను. ముప్పదియేండ్ల తరువాత ఆ అటకక్రింద నిలిచి నాకు ఎన్ని మార్కులు వచ్చునో లెక్కవేసికొంటిని.

అప్పటినుండి సంతదినములందు సంఘపు కార్యాలయములో బల్లమీద భూతద్ద మొకటి ఉంచినాము. ఎవరైనను పురుగును తెచ్చి చూపవచ్చును. తెచ్చినవారి యింటి అటకను ఆ వారములోననే నేనెక్కి చూచుటకు మాట యిచ్చినాను. ఈ యేటి ఫాల్గుణమున క్రొత్త చింతకాయలు ఇల్లుచేరకమునుపే మీ విత్తనపుసంచులను ఒకసారి దింపి చూచుకొనుడు.